కోడి ఈక గాలం

మొన్న షుగరు డాక్టరు నా పాదాన్ని సూదిమొనతో తాకుతూ "తెలుస్తోందా అమ్మా?" అని అడిగాడు. తెలియడం లేదని చెప్పడానికి పరీక్ష తప్పినంత సిగ్గేసింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే, మా ఆయన తండ్రి, అంటే మా మామయ్య, కిన్నెరసాని ఏట్లో మోకాళ్ల లోతున నిలబడి ఉండటం కళ్లముందుకొచ్చింది.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లింది ఎనభైల మొదట్లో. మాది కేథలిక్ కుటుంబం. విభూది బుధవారం మొదలు ఈస్టరు దాకా శుక్రవారాల్లో మాంసం ముట్టం, చేపకు మాత్రం అడ్డులేదు. అందుకని ఆ నలభై రోజుల తపస్సు కాలం, బస్సు మెకానిక్ అయిన మా మామయ్యకు పండగే. ఆయన ఎర్రలూ మిడతలూ వాడేవాడు కాదు. పుంజు మెడ మీది ఈకను గాలానికి దారంతో చుట్టి, నీటి మీద పురుగు వాలినట్టు వాల్చేవాడు. ఎప్పుడో ఒక విదేశీ ఫాదరు నేర్పిన విద్యట. పాపం, ఆ కాలంలో మా ఇంటి పుంజుకు మెడ బోడిగానే ఉండేది. "ఉత్త ఈక చూపి చేపను మోసం జేసే మనిషి, నన్నేం చూపి చేసుకున్నడో" అని అత్తమ్మ వెక్కిరించేది. వెక్కిరిస్తూనే మామిడి పిందెలు వేసి పరిగె చేపల పులుసు పెట్టేది. ఈకతో ఒక చిక్కుంది. చేప దాన్ని కరిచి, తిండి కాదని తెలియగానే ఉమ్మేస్తుంది. ఆ రెప్పపాటులోనే వేలికి అందిన కదలికను పట్టుకుని లాగాలి. అందుకే దారం ఎప్పుడూ ఆయన చూపుడువేలి మీదుగా పోయేది.

ఒక క్రిస్మస్ ముందు అత్తమ్మ జ్వరంతో పోయింది. మామయ్య ఏడవలేదు. సమాధి దగ్గర, వచ్చినవాళ్లకు నీడలో కుర్చీలు వేయించాడు. తర్వాత పనికి వెళ్లాడు, పెట్టింది తిన్నాడు. నేను కూరలో ఉప్పు మరిచినా ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించేది. తపస్సు కాలం వచ్చి మొదటి శుక్రవారం ఆయన గాలం తీస్తే అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. మా ఆయనకు మాత్రం భయం, ఏటి దగ్గర ఒంటరిగా ఏం చేసుకుంటాడోనని. నన్ను వెంట పంపాడు.

పొద్దున్నే అడవంతా ఇప్పపూల వాసన. ఏరు సన్నబడి, అడుగు రాళ్లు కనబడేంత తేటగా ఉంది. మామయ్య నీళ్లలోకి దిగి ఈకను ఎప్పటిలాగే అందంగా వాల్చాడు. చేప వచ్చింది. ఈక మునగడం ఒడ్డున ఉన్న నాకే కనబడింది. ఆయన లాగలేదు. ఇంకోటి వచ్చింది, పోయింది. ఎండెక్కేదాకా అదే తంతు. చివరికి ఉండబట్టలేక, చేప కరుస్తోంది మామయ్యా అన్నాను.

ఆయన తన వేలి వంక చూసుకున్నాడు.

"తెలుస్తలేదు బిడ్డా," అన్నాడు. "నీళ్లు సల్లగున్నయా?" అని అడిగాడు.

నేను దిగి చూశాను. పాదాలు కొయ్యబారేంత చల్లగా ఉన్నాయి. ఉన్నాయని చెబితే తలూపాడు, నేనెక్కడో దూరపు ఊరి సంగతి చెప్పినట్టు. చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకొచ్చాను. ఆ తపస్సు కాలమంతా ప్రతి శుక్రవారం వెళ్లాం, ఖాళీ బుట్టతో వచ్చాం, పప్పుచారు తిన్నాం. నాకూ ఏమీ అనిపించడం మానేసింది.

మరుసటేడు అదే చోట, ఈక ఇంకా సరిగా తడవకముందే ఆయన చెయ్యి విసురుగా లేచింది. అరచేయంత పరిగె వెండిలా మెరుస్తూ వచ్చి రాళ్ల మీద పడింది. మామయ్య దాన్ని తీసుకోలేదు. నీళ్లలోనే ఒక బండ మీద కూలబడి, అత్తమ్మను పేరు పెట్టి పిలుస్తూ, అడవి దద్దరిల్లేలా ఏడ్చాడు. నేను ఆపలేదు. ఆయన మళ్లీ మాకు దక్కాడనిపించి, ఆ ఏడుపు వింటూ నిలబడ్డాను.

కాలం గడిస్తే దుఃఖం తగ్గుతుందని అందరూ అంటారు. మా మామయ్య దగ్గరికి దాన్ని మోసుకురావడానికే కాలానికి ఏడాది పట్టింది.