మొదటి గొట్టం ఎక్కడ పడింది

ఇది నేను గోతిలో పడిన కథ. పాఠకుణ్ణి చివరిదాకా ఊరించడం నాకు చేతకాదు కనుక ముందే చెప్పేస్తున్నాను. పైగా పడడమన్నది ఇందులో అన్నిటికన్నా చిన్న ప్రమాదం. అసలు విపత్తు పడిన తరువాత మొదలైంది.

రూఢిగా తెలిసినదాన్ని, విన్నదాని నుంచి మొదటే వేరు చేస్తాను. డెబ్బైల మధ్యలో, ఒమాన్‌లో ఇబ్రికి కొంత దూరాన రోడ్డు వేస్తున్న ఒక కంపెనీ క్యాంపులో నేను మట్టి పరీక్షల ల్యాబ్ నడిపాను. ఇది రూఢి. మా మేనేజర్ ఇంగ్లండు నుంచి వచ్చిన దొర; ఆయన దగ్గర ఒక వేట తుపాకీ ఉండేది. ఒక గుండు పేల్చగానే, ఖాళీ అయిన ఇత్తడి గొట్టాన్ని తనే కుడివైపుకు విసిరేసి, తరువాతి తూటాను తనే ఎక్కించుకునే రకం. వేటకు అనుమతి రాలేదు. అందుకని ప్రతి శుక్రవారం మధ్యాహ్నం దొర ఎండిన వాగులోకి వెళ్ళి, ఒకే చోట చాప పరిచి, దూరంగా నిలబెట్టిన ప్లైవుడ్ చెక్క మీది కాగితానికి పది గుండ్లు కాల్చేవాడు. పది గొట్టాలు ఎగిరేవి. తొమ్మిది దొరికేవి. ఇదీ రూఢి.

మొదటి గొట్టాన్ని జిన్ను తీసుకుంటుందన్నది మాత్రం వినికిడి. ఈ సమాచారాన్ని క్యాంపు కాపలా ముసలాయన అరబ్బీలో చెప్పగా, డ్రైవర్ గౌస్ ఉర్దూలోకి దించగా, కూలీ పోశన్న తెలుగులో నాకు చేరవేశాడు. మూడు భాషలు దాటి వచ్చేసరికి జిన్నుకు ఒంటి కన్ను, మేక కాళ్ళు, ఇత్తడి మీద మోజు ఉన్నాయి. బయలుదేరినప్పుడు ఎన్ని కళ్ళుండేవో నేను విచారించలేదు.

పోశన్నది జగిత్యాల వైపు పల్లె. వారమంతా రాళ్ళు మోసి, శుక్రవారం దొర వెంట పోయి గొట్టాలు ఏరడం అతని డ్యూటీ. ఖాళీ గొట్టాలు అప్పగిస్తే తప్ప పర్మిట్ ఆఫీసు కొత్త తూటాలు ఇచ్చేది కాదు. పది వారాల తరువాత దొర డబ్బా బోర్లించి చూస్తే పది తగ్గాయి. సూక్‌లో, అంటే ఊరి బజారులో, కాఫీ కూజాలు చేసేవాళ్ళకు పోశన్న ఇత్తడి చేరవేశాడని దొర తేల్చాడు. రెండు శుక్రవారాలు గడువిచ్చాడు. అప్పటికీ దొరక్కపోతే, ఆ మర్నాటి లారీలో మస్కట్‌కు, అక్కణ్ణుంచి ఇంటికి.

పోశన్న ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. "సారూ, రెండెడ్లను అమ్మి వచ్చిన. ఇప్పుడు వాపస్ పోతే నాగలికి నన్నే కట్టుకోవాలె."

"గొట్టాలు నువ్వు తీశావా?"

"పోశమ్మ తోడు, తీయలే."

"ప్రమాణం సాక్ష్యం కాదు పోశన్నా."

"మరేంది సాక్ష్యం?"

"పరిశీలన."

"గది చూపిస్తే లారీ ఆగుతదా?"

ఆగుతుందని మాట ఇచ్చాను. విశాఖలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివి, ఇరవయ్యేడేళ్ళ వయసులో, ప్రపంచంలో నేను కొలవలేనిది ఇంకా తయారు కాలేదని నమ్ముతున్న రోజులవి. జీపు తుడుస్తున్న గౌస్ మా మాటలు విని, "సాబ్, జిన్నులకు కూడా పర్మిట్ ఆఫీసు ఉందేమో. అక్కడ జమ చేస్తుండొచ్చు," అన్నాడు. నేను నవ్వలేదు. ఆధారం లేని పరికల్పనకు నవ్వకూడదని నా నియమం.

పదకొండో శుక్రవారం నేనూ వెళ్ళాను. ఆ వాగులో గాలి ఉండదు. తుమ్మచెట్ల నీడలు నేలకు మేకులు కొట్టి బిగించినట్టు కదలకుండా ఉంటాయి. మనిషి మాట్లాడితే మాట నాలుగడుగులు పోయి, భయపడి ఆగిపోయినట్టుంటుంది. దొర చెవుల్లో దూది కుక్కుకుని, చాప మీద పడుకుని, మొదటి గుండు పేల్చాడు. శబ్దం పోయింది. దాని వెనక, కాస్త ఆలస్యంగా, నేల కింది నుంచి సన్నగా "టింగ్" అని వినిపించింది.

పోశన్న నా మోచేయి పట్టుకున్నాడు. "అందుకున్నది సారూ."

మిగతా తొమ్మిదింటికీ ఆ చప్పుడు లేదు. తొమ్మిది గొట్టాలూ చాపకు పదడుగుల లోపలే పడ్డాయి. కాగితం దగ్గరికి వెళ్ళి చూస్తే తొమ్మిది గుండ్లు అరచేతిలో పట్టేంత చోట తగిలాయి. మొదటిది మాత్రం జానెడు పైకి పోయింది. గుండు దారి తప్పింది, గొట్టం మాయమైంది. "మొదటిది వాళ్ళది," అని గౌస్ మెల్లగా అన్నాడు. ఈసారి హాస్యమాడుతున్నట్టు లేదు.

నేను స్టాప్‌వాచ్ చూపించి, అది ప్రతిధ్వని అని ప్రకటించాను. సిమెంటు సంచి కాగితం మీద లెక్క కట్టాను. ఒకటిన్నర సెకన్ల ఆలస్యం అంటే రెండువందల యాభై మీటర్ల దూరాన కొండ ఉండాలి. అందరం అటు చూశాం. అక్కడ రెండు ఒంటెలున్నాయి. కొండ లేదు కనుక గడియారం తప్పని నిర్ధారించాను. పాఠకుడు గమనించాలి: జిన్నును నమ్మినవాళ్ళెవరూ ఆ రోజు ఇంత మూర్ఖమైన మాట అనలేదు.

తరువాతి గురువారం సాయంత్రం దొర తుపాకీ శుభ్రం చేస్తుంటే చూసి, నాకు జ్ఞానోదయమైంది. ప్రతి గురువారం ఆయన తుపాకీ గొట్టం లోపలా, మరలకూ నూనె పట్టిస్తాడు. నూనె తడి ఉన్న తుపాకీ గొట్టంలో మొదటి గుండు దారి తప్పుతుంది. జారుడు మీదున్న మర మొదటి ఖాళీ గొట్టాన్ని మిగతావాటికన్నా దూరం విసురుతుంది. మనం పదడుగుల్లో వెతుకుతున్నాం; అది దాదాపు రెట్టింపు దూరంలో పడుతోంది. ఈ సిద్ధాంతం ఈనాటికీ సరైనదే. తప్పటడుగు సిద్ధాంతానిది కాదు.

పన్నెండో శుక్రవారం. దొర దూది పెట్టుకుని పడుకున్నాడు. నేను నోటుబుక్కు పట్టుకుని, తుపాకీ మీది చూపు తప్పకూడదు కనుక, చాప దగ్గర నుంచి కుడివైపుకు, పాదానికి పాదం ఆనిస్తూ వెనక్కి నడుస్తూ అడుగులు లెక్కపెట్టాను.

"పదిహేను. పదహారు. పోశన్నా, ఇక్కడే ఎక్కడో పడాలి. పదిహేడు."

"సారూ, ఎన్కకు సూడు."

"శాస్త్రజ్ఞుడు వెనక్కి చూడడు. పద్దెనిమిది."

పద్దెనిమిదో అడుగు కింద నేల లేదు. మేకలు పడకుండా ఎవరో కప్పి ఉంచిన ఎండు ముళ్ళకంప విరిగి, దానితోపాటు నేనూ కిందికి పోయాను. అది ఫలజ్ బావి. ఇక్కడివాళ్ళు పూర్వం భూమి కింద కాలువ తవ్వి నీళ్ళు పారించేవారు. ఆ కాలువలోకి గాలి కోసం దించిన సన్నని గుంత అది. కాలువ ఏ తాతల కాలంలోనో ఎండిపోయింది. ఎవరు తవ్వుకున్న గోతిలో వారే పడతారని సామెత. ముక్కూ ముఖం తెలియనివారు తవ్విన గోతిలో, కొలతలతో సహా పడిన ఘనత నాది.

నేను పడిన సంగతి తెలియని దొర మొదటి గుండు పేల్చాడు. నా సిద్ధాంతం అక్షరాలా రుజువైంది. గొట్టం పద్దెనిమిది అడుగులు ఎగిరి, బావిలోకి దిగి, పొయ్యిలోంచి తీసిన నిప్పులా నా చొక్కా కాలరులోకి జారింది. నేను అరిచాను. "పోశన్నా" అనే అరిచాను, కానీ ఆ ఇరుకు బావి దాన్ని ఎలా మార్చి పైకి పంపిందో నేను వినలేదు. విన్న పోశన్న, గౌస్ ఇద్దరూ నన్ను జిన్ను మింగిందనుకుని పరుగెత్తారు. గౌస్ జీపుతో పరుగెత్తాడు. దొర మిగిలిన తొమ్మిదీ తాపీగా కాల్చి, దూది తీసి, తిరిగి చూస్తే మనుషుల్లేరు, జీపు లేదు. తిట్టుకుంటూ క్యాంపు వైపు నడిచాడని తరువాత తెలిసింది. ఆయన దూది తీసిన ఆ సమయంలో నేను అరవడం లేదు.

ఎందుకంటే లేవడానికి గోడ తడుముతుంటే, మోకాలి ఎత్తున ఒక రాతి అంచు చేతికి తగిలింది. దాని మీద చల్లగా, నున్నగా ఒక ఇత్తడి గొట్టం నిటారుగా నిలబడి ఉంది. వేలెడు ఎడంలో ఇంకొకటి. తరువాత ఇంకొకటి. వరుసగా, బడిపిల్లల్లా, పదకొండు. పైనుంచి రాలినవి అలా నిలబడవు. వరుస చివర ఇంకొకదానికి ఖాళీ ఉన్నట్టు తోచింది. ఖాళీ అన్నది ఎక్కడైనా ఉంటుంది కనుక దాన్ని నేను సాక్ష్యంగా స్వీకరించను. కానీ నా కాలరులో వేడిగా ఉన్నది పన్నెండోది. కింద పూడిపోయిన కాలువ వైపు నుంచి చల్లని గాలి నా పిక్కల మీద తగులుతూ, ఆగుతూ, తగులుతూ ఉంది.

అప్పుడు నేను చేసినది చదువుకున్నవాడు చేయవలసినది కాదు. గబగబా పదకొండింటినీ చేతిరుమాల్లోకి ఊడ్చి, మూట కట్టి, కళ్ళు మూసుకున్నాను.

ఎంతసేపో చెప్పలేను, స్టాప్‌వాచ్ పగిలింది. ఎండ వాలాక పైన అడుగుల చప్పుడు. పోశన్న ఒక్కడే తిరిగి వచ్చాడు. మర్నాడు లారీ ఉంది. ఆ వేళ్టి గొట్టాలు ఏరకపోతే ఇంకా తగ్గుతాయి.

"అయ్యా, నీకు దండం. నా గొట్టాలు నాకియ్యి. పోత."

"పోశన్నా, నేను. ల్యాబ్ సార్ని."

"దయ్యాలు గూడ గట్లనే అంటయ్."

వాదనలో లోపం లేదు. "ఏం చెబితే నమ్ముతావు?"

"సారుకు, నాకు తప్ప తెల్వనిది చెప్పు."

"మొన్న నువ్వు ల్యాబ్ త్రాసు మీద ఉల్లిగడ్డలు తూచావు. నేను చూసి ఊరుకున్నాను."



"సారు సూసిండని నాకే తెల్వది," అన్నాడు పోశన్న. "దయ్యమైతే సూస్తది."

నా జీవితంలో ఇంత పకడ్బందీగా నన్ను ఎవరూ ఖండించలేదు. కోపం వచ్చింది. "ఒరే, ఇది ఎనిమిదడుగుల పైన, తొమ్మిదికి లోపు. పన్నెండడుగులకు తక్కువ కాకుండా తాడు తే. అడుగుకొక ముడి వెయ్యి. పైకొస తుమ్మ మొదలుకు కట్టు, కొమ్మకు కాదు."

"సారే," అన్నాడు పోశన్న, కొండంత భారం దిగినట్టు. "దయ్యానికి ఇంత చాదస్తం ఉండది."

క్యాంపులో దొర ముందు మూట విప్పి, కాలరులోది కలిపి, పన్నెండు లెక్కపెట్టాను. ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకుని, లారీ జాబితాలో పోశన్న పేరు కొట్టేశాడు. పోశన్న బయటికి వచ్చి గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. కాసేపటికి, "నిలబెట్టినోడు మంచోడే సారూ," అన్నాడు. "అమ్ముకోలే, పారెయ్యలే. నాకోసం జమచేసి పెట్టిండు."

నేను ఒప్పుకోలేదు. వారం రోజులు ల్యాబ్ కప్పు మీద నుంచి రాతి పలక మీదికి గొట్టాలు జారవిడిచాను. ఒక్కటీ నిలబడలేదు. కాపలా ముసలాయన్ని, నువ్వే నిలబెట్టావా అని అడిగితే, తన మోకాళ్ళు చూపించి, ఆ బావిలో దిగేవాడిలా ఉన్నానా అని గౌస్ ద్వారా అడిగాడు.

అప్పటి నుంచి నా ప్రతిజ్ఞ ఇది: ఊపిరి ఉన్నంతకాలం ఏ సత్యం వైపూ వెనక్కి నడవను, చూసి రాసుకోకముందు దేన్నీ చేతిరుమాల్లో కట్టను. అయితే వాటిని వరుసగా నిలబెట్టినది ఎవరన్న ప్రశ్నకు ఈనాటికీ జవాబు లేదు, ఇక రాదు. వరుసను నేనే చెదరగొట్టాను. బావిలో మళ్ళీ దిగి చూద్దామంటే, మనుషులు పడుతున్నారని దొర దాన్ని శనివారం పొద్దున్నే బుల్‌డోజర్‌తో పూడ్పించాడు. పూడ్చిన మట్టి ఎంత గట్టిపడిందో పరీక్షించి, "సంతృప్తికరం, లోపలికి గాని బయటికి గాని ఏదీ పోజాలదు" అని రాసి సంతకం పెట్టినవాణ్ణి కూడా నేనే.