కెప్టెన్ చెవిన పడకూడని మాట

విశాఖ రేవులో ఆగిన ఓడ మీద సరుకులెత్తే వించ్ బాగుచేస్తున్న సత్యం చేతిలో స్పానర్ ఆగిపోయింది. పక్కనే గ్రీజు డబ్బా పట్టుకున్న బర్మా నావికుడు మిన్ థూ తన భాషలో గుసగుసలాడాడు.

"రేపు ఓడ రంగూన్ వెళ్తోందన్నా. అక్కడ సైన్యాన్ని తిడుతూ ఊరేగింపులో నడిచాను. దిగగానే పట్టుకుంటారు."

సత్యం విశాఖ బర్మా క్యాంపులో పుట్టాడు. నాయనమ్మ దగ్గర ఆ భాష నేర్చుకున్నాడు. బర్మా సైనిక ప్రభుత్వం వెళ్లగొడితే వచ్చిన ఆమెను ఇక్కడ కాందిశీకురాలు అనేవారు. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తే మనిషని ఆ మాటకు అర్థం. ఇప్పుడది మిన్ థూకీ వర్తిస్తుంది. ఆ మాట పైకి అంటే మాత్రం, పారిపోతాడని కెప్టెన్ ఇతణ్ణి కిందకు దిగనివ్వడు.

"ఏటి బావా, పిల్లనిత్తానంతన్నాడా?" ఓడ పనులు చూసే ఏజెంటు మనిషి మణికంఠ నవ్వుతూ వచ్చాడు. వాడి నోట్లో ఏ మాటా దాగదు.

"పన్ను నొప్పంట. డాట్రు కాడికి తీసుకెళ్లాల," అంటూ సత్యం తన చెంప పట్టుకుని చూపించాడు. మిన్ థూ కూడా గబుక్కున చెంప పట్టుకున్నాడు.

"బానే ఉన్నాడు గదా!" మణికంఠ తేరిపార చూశాడు. మిన్ థూ చెంప నొక్కుకుని మూలిగాడు.

"సరే, ఒడ్డుకి దిగడానికి పాస్ రాయిత్తాను. నువ్వే ఎనక్కి తేవాల. లేదంటే నీ పోర్టు పాసు పోద్ది బావా."

"తెత్తాను," అన్నాడు సత్యం.

తేడు. ఆ సంగతి తనకే తెలుసు. నిచ్చెన దిగుతూ సత్యం మెట్టు తప్పాడు. మిన్ థూయే అతని భుజం పట్టుకుని దించాడు.