అత్త అడగమన్న ప్రశ్న

మా ఊరు కర్నూలు జిల్లా కోసిగికి దగ్గర. వానలు సరిగా పడని ఏడు దసరా దాటిందంటే ఊరు సగం ఖాళీ అయిపోతుంది. కొందరు మిరపకోతలకు గుంటూరు వైపు పోతారు, కొందరు ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగుళూరు పోతారు. దీన్నే మా వైపు సుగ్గికి పోవడం అంటారు. నేను పెళ్లయి ఈ ఊరికి వచ్చినదాన్ని. డిగ్రీ మధ్యలో ఆగిపోతే కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని.

మా ఎదురింట్లో ఒక దూదేకుల కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను నేను అత్తా అనేదాన్ని, ఆయన్ను మామా అనేదాన్ని. మామ ఒకప్పుడు ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. రెడీమేడ్ పరుపులు వచ్చాక ఆ పని పోయింది. వాళ్లకు ఒక్కడే కొడుకు. బెంగుళూరులో బేల్దారి పనికి పోయి మొదట్లో వారం వారం ఫోన్ చేసేవాడు. మేస్త్రీతో మాటా మాటా వచ్చి ఇంకో మేస్త్రీ దగ్గర చేరానని ఒకసారి చెప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఫోన్లు ఆగిపోయాయి. అత్త బెంగుళూరు పోయి వెదికింది. పాత మేస్త్రీకి ఏమీ తెలియదు. పోలీసులు, వయసొచ్చిన పిల్లోడు వాడే వస్తాడులే అని పంపేశారు.

మామ మాత్రం ఎప్పుడూ ధైర్యంగానే మాట్లాడేవాడు. "యాడనో పెండ్లి చేసుకోనుంటాడు. మనం తిడతామని ఫోన్ చెయ్యడు," అనేవాడు. ఇంకో రోజు, "దుబాయికి పోయింటాడు," అనేవాడు. అత్త వింటూ పని చేసుకునేది.

అట్లా ఏడాది దాటాక కర్నూలు నుంచి ఒక మేడం వచ్చింది. సుగ్గికి పోయే కుటుంబాల మీద పరిశోధన చేస్తున్నానంది. మా ఊళ్లోవాళ్లకు ఇది కొత్త కాదు. ఎవరెవరో కాగితాలు పట్టుకుని వస్తారు, రేషన్ కార్డుందా, మరుగుదొడ్డి ఉందా అని అడిగి రాసుకుని పోతారు. ఈ మేడం మాత్రం మమ్మల్ని బడి వరండాలో కూర్చోబెట్టి, "ప్రశ్నలు నేను తయారుచేసుకుని రాలేదమ్మా. ఏం అడగాలో మీరే చెప్పండి. ఇంటింటికీ పోయి అడిగేది కూడా మీరే," అంది.

ఒకామె పిల్లల చదువు గురించి అడగాలంది. ఇంకొకామె, పని కాడ ఆడోళ్లు స్నానం యాడ చేస్తారో అడగాలంది. అందరూ నవ్వారు గానీ, మేడం రాసుకుంది. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చివర్లో ఆమె అంది.

"పోయినోళ్లల్లో తిరిగి రానోళ్లు ఎవురన్నా ఉండారా అని అడగండి."

అత్త కొడుకు సంగతి మేడానికి తెలియదు. మంచి ప్రశ్న అంటూ రాసుకుంది.

అడగడానికి ఇద్దరిద్దరిని జత చేసినప్పుడు నేనూ అత్తా ఒక జత అయ్యాం. రాసే పని నాది, మాట్లాడే పని ఆమెది. ఏ ఇంటికి పోయినా అత్త నేరుగా ప్రశ్నల్లోకి దిగేది కాదు. వాళ్లు చింతపండు వలుస్తుంటే తనూ ఒక దోసెడు ముందర వేసుకుని వలిచేది. మాటల్లో మాటగా అడిగేది. తిరిగి రానివాళ్ల ప్రశ్న వచ్చేసరికి మాత్రం చేతిలో పని పక్కన పెట్టేది. అట్లాంటివాళ్లు లేరని చెప్పాక తన కొడుకు ఎత్తూ రంగూ చెప్పి, "యాడన్నా చూసినారా?" అనేది.

ఒకనాడు దారిలో తనే చెప్పింది. "నేను దీనికే ఒప్పుకున్న్యా అమ్మాయీ. ఉత్తగా పోయి నా కొడుకును చూసినారా అంటే ఎవురు కూర్చోబెట్టి మాట్లాడతారు? ఇట్ల పోతే మంచినీళ్లిచ్చి మాట్లాడతాండారు."

మా ఊరు అయిపోయాక పక్క ఊరు మొదలుపెట్టాం. అక్కడ ఒకింట్లో మొగుడూ పెళ్లాం ఉన్నారు. బెంగుళూరులో బేల్దారి పని చేస్తూ అతని కాలికి దెబ్బ తగిలితే ఇంటికి వచ్చేశారు. వాళ్ల పాప అప్పుడప్పుడే నడక నేర్చుకుంటోంది. అత్త దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. అతను మాటకారి. షెడ్డు ఎట్లా ఉండేదో, నీళ్లు ఎక్కడ పట్టుకునేవారో అన్నీ విడమరిచి చెప్పాడు. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది.

"మా ఊరోళ్లంతా వచ్చినారు," అన్నాడు అతను. "మాతో ఇంకో పిల్లోడు ఉన్న్యాడు, వాడే పోయె. పరుపులు కుట్టేటోళ్ల పిల్లోడు. పాతగుడ్డలు నింపి షెడ్డులో అందరికీ దిండ్లు కుట్టిచ్చినాడు. నా పెండ్లాం కడుపుతో ఉంటే దానికొకటి పెద్దది కుట్టిచ్చినాడు. జరమొచ్చె. తగ్గుతాదిలే అని పనికి పోతానే ఉండె. ఆస్పత్రికి తీసుకపోయినాక శానా లేటైపాయ. ఆడుండే సాయిబులే వచ్చి గోరీ చేసినారు."

"వాళ్లింటికి చెప్పలేదా?" అన్నాను.

"మేస్త్రీ చెప్తానన్న్యాడు. చెప్పినాడనే అనుకున్న్యాం. ఆ పిల్లోని ఫోను లాకేసి ఉన్న్యాది. కోసిగి పక్క అని తెల్సు గానీ ఏ ఊరో మాకు తెల్దు."

అత్త ఒళ్లో పాప ఆమె గాజులు లాగుతోంది. అత్త దాన్ని ఆపలేదు. "జరంలో వాని పక్కన ఎవురుండ్రి నాయనా?" అని అడిగింది.

అతని కన్నా ముందు అతని భార్యకు అర్థమైంది. ఆమె లేచి వచ్చి అత్త ముందర కూర్చుంది. "మేమే ఉంటిమి పెద్దమ్మా. నేను గంజి కాసిచ్చినా."

"తాగినాడా?"

"రోంత తాగినాడు."

అప్పటికి అతనికీ తెలిసింది. తల వంచుకుని, "తెలిసింటే ఇట్ల చెప్తునా పెద్దమ్మా," అన్నాడు. అత్త పాపను తల్లికి అందించింది. మిగిలిన ప్రశ్నలు మేం అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముందు, నేను వెనక. కోసేసిన జొన్నచేను గట్టు దగ్గరికి వచ్చాక ఉన్నట్టుండి కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, "మీ మామకు ఎట్ల చెప్పేది?" అంది.

ఆమె చెప్తున్నప్పుడు నేను వాళ్ల వాకిట్లోనే ఉన్నాను. మామ అంతా విన్నాడు. అరవలేదు, ఏడవలేదు. "ఎవురు అడగమన్న్యారు నిన్ను?" అన్నాడు. "నువ్వు అడగకపోయింటే వాడు యాడనో ఒకచోట ఉండేటోడు."

ఆ తర్వాత ఆయన అత్తతో మాట్లాడలేదు. చుట్టుపక్కలవాళ్లు పట్టుబట్టి పోయినవాడి కోసం ఇంట్లో ఫాతెహా చదివిస్తే, ఆయన పోయి పీర్ల చావిడి అరుగు మీద కూర్చున్నాడు. ఆరోజు వండింది ముట్టలేదు. అత్త కంచం పెట్టి పక్కకు పోతే తినేవాడు, ఎదురుగా ఉంటే తినేవాడు కాదు.

సంగతి తెలిసి మేడం వచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని, ఈ ప్రశ్న తీసేద్దామంది. మళ్లీ అందరం బడి వరండాలో కూర్చున్నాం. కొందరు తీసేయమన్నారు. తమ్ముడు ఎటు పోయాడో తెలియని ఒకామె మాత్రం, "ఉండనీండి. తెలీకుండా ఉండేది ఇంగా కష్టం," అంది. మేడం అత్త వైపు చూసింది.

"ఉండనీండి," అంది అత్త. "గానీ నేనడగను."

ఆమె మానేస్తుందనుకున్నాను, మానలేదు. ఇంటి నుంచి బయటపడడానికి ఆమెకు వేరే దారి లేదేమో. అన్ని ప్రశ్నలూ తనే అడిగేది. ఆ ఒక్కటి వచ్చేసరికి లేచి బయటికి పోయి నిలబడేది. నేను అడిగేదాన్ని. కొన్ని ఇళ్లలో ఏడ్చారు, కొన్ని ఇళ్లలో మీకెందుకని కసిరారు. జవాబు రాసుకున్నాక నేను గొంతు సవరించుకుంటే ఆమె లోపలికి వచ్చేది. లోపల ఏం చెప్పారో ఎప్పుడూ అడగలేదు.

కొడుకు గోరీ చూడాలని అత్తకు ఉండేది. మేడమే ఏర్పాటు చేసింది. అత్తకూ నాకూ తోడుగా పక్క ఊరి ఆ బేల్దారి కుంటుకుంటూ వచ్చాడు. రమ్మంటే మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బెంగుళూరులో ఆ గోరీలదొడ్డి ఊరి చివర ఉంది. మేం పోయేసరికి కొత్త గోరీలు చాలా లేచాయి. వాడిదానికి గుర్తేమీ పెట్టలేదు. బేల్దారి అటూ ఇటూ తిరిగి, "ఈ వరసే పెద్దమ్మా. ఇదన్నా, దాని పక్కదన్నా," అన్నాడు. కాపలా ఉండే ముసలాయనకు కూడా తెలియదు. అత్త రెండిటి మధ్య కూర్చుని, ఒక చెయ్యి దీని మట్టి మీద, ఒక చెయ్యి దాని మట్టి మీద పెట్టింది. మేం పోదామని తొందరపెట్టలేదు.

పరిశోధన పుస్తకంగా వచ్చే ముందు మేడం అత్తను అడిగింది, నీ సంగతి రాయవచ్చా అని. "నాలాంటోళ్లు ఊరికొకరుండారు. అట్ల రాయండి. నన్ను రాయద్దు," అంది. మేడం అట్లాగే రాసింది. ఇప్పుడు నేను రాసిన ఇది మాత్రం ఆమెకు చదివి వినిపించాను. పేర్లు పెట్టకుంటే సరేనంది.

కర్నూలులో మీటింగ్ జరిగింది. ఆఫీసర్లు వచ్చారు, బాగా చేశారన్నారు. సుగ్గికి పోయేవాళ్లు మేస్త్రీ ఫోను, ఇంటి ఫోను పంచాయతీలో చెప్పి పోవాలని మా ఊళ్లో మేమే తీర్మానించుకున్నాం. మొదటి ఏడు చెప్పారు. రెండో ఏడు సగం మంది చెప్పారు. తర్వాత అడిగేవాళ్లు లేకపోయారు.

పోయిన ఏడాది నుంచి అత్తా మామా కూడా మిరపకోతలకు పోతున్నారు. ఇద్దరి మధ్య మాటలు మళ్లీ వచ్చాయి గానీ, అవసరానికి మాత్రమే. అత్త నెలకోసారి నాకు ఫోన్ చేస్తుంది. పని ఎట్లుండాదత్తా అంటే, ఉండాదమ్మా అంటుంది. ఎండ గురించి, చేతుల మంట గురించి చెబుతుంది. పక్కనే మామ దగ్గు వినిపిస్తూ ఉంటుంది. ఫోను ఆయనకు ఇవ్వమని నేను అడగను, ఆమె ఇవ్వదు.