దొరగారికి అమెరికా సంబంధం

ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో ఐర్లండులో ఎవరైనా మనల్ని చూసి నవ్వితే, అప్పు అడగడానికేమోనని ఆలోచించేవాళ్ళం. నేను పుట్టు అనుమానప్పక్షిని కాబట్టి ఆ కాలం నాకు బాగా నప్పింది. అక్కడ ట్రాలీ అనే ఊళ్ళో ఆస్పత్రిలో జూనియర్ డాక్టరుగా చేరి, ఊరి బయట ఒక పెద్ద దొరగారి బంగళాలో గది అద్దెకు తీసుకున్నాను. బ్రిటిష్ ప్రభువుల వంశం. బిరుదు గట్టిదే, పైకప్పే కారేది (నా మంచం ఆ గదిలో తిరగని మూల లేదు). ఆయన చేతిలో చిల్లిగవ్వ లేదు. బంగళా వేలానికి పెడతామని బ్యాంకువాళ్ళు వచ్చి చూసుకుని కూడా వెళ్ళారు.

అలాంటి మనిషికి అమెరికా నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళికూతురి తండ్రి కుక్కల బిస్కెట్లు అమ్మి కోట్లు గడించాడట. ఈవిడ ఒక్కతే కూతురు.

"అంత ఆస్తి పెట్టుకొని ఆ కొంపకెందుకొస్తదిరా? ఏదో తిరకాసున్నది, చూస్కో," అంది మా ఆస్పత్రిలో సీనియరు, కరీంనగర్ అక్క. ఎవరు ఎవరిని ముంచుతున్నారో తేల్చాలని నేను కాపు కాశాను.

ఒక ఆదివారం ఆ అమెరికా ఆవిడ బంగళాకి వచ్చింది. దొరగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే ఆవిడే నన్ను పట్టుకుంది. "నువ్వీ ఇంట్లోనే ఉంటావు కదా, ఆయన ఎలాంటివాడు?"

అంతే! మన ఊళ్ళో ఆడపిల్లవాళ్ళు ఆరా తీయడానికొస్తే ఇరుగుపొరుగు అప్పజెప్పే పాఠమే నా నోట్లోంచి వచ్చేసింది. "అబ్బాయి బంగారమండీ! మందూ సిగరెట్టూ ఏమీ లేవు. తలొంచుకుని వెళ్తాడు, తలొంచుకుని వస్తాడు." (అబ్బాయికి అరవై దాటాయి.) సరిగ్గా అప్పుడే అబ్బాయి టీ సంగతి మరిచి విస్కీ సీసాతో వచ్చాడు.

ఆవిడ నవ్వలేదు. "నిజం చెప్పు. ఈయన చేసుకునేది నన్నా, ఈ ఇంటి కప్పునా?" నా నోటిదూల వల్ల సంబంధం తప్పిపోతే ఆయన రోడ్డున పడతాడు.

దొరగారు సీసా బల్లమీద పెట్టారు. "మొదట కప్పునే," అన్నారు. "ఇప్పుడు నీ ఫోను రాని రోజు ఏమీ తోచడం లేదు."

"నేనూ మొదట బిరుదు కోసమే వచ్చాన్లే," అని ఆవిడ గ్లాసు చాచింది. "గ్రాండ్," అంటూ పోశారు దొరగారు (అక్కడ 'భేష్' అనడానికి ఆ మాటే). పెళ్ళయిపోయింది. అక్క మాత్రం "ఇంకా చూడాలెరా" అంటూనే ఉండేది.

తర్వాత నా పెళ్ళిచూపుల్లో అమ్మాయి సూటిగా అడిగింది, నేనెందుకు నచ్చానని. ట్రాలీలో బ్రెడ్డు తిని తిని నాలుక చచ్చిపోయి ఉన్నాను. నచ్చింది ఆ అమ్మాయి వండిన గుత్తివంకాయ కూర. ఆ మాట అనే గుండె నాకేదీ? "మీ కళ్ళు," అన్నాను. ఇప్పుడు నిజంగానే ఆ కళ్ళు కనబడకపోతే నాకు పొద్దు గడవదు. ఆ ముక్క చెబితే మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఏం, వంకాయలు తెచ్చారా?" అంటుంది.