ఆకురాయి జర పట్టాలె

బసవరాజు ఎడమచేతిలో రేకు కత్తిరించే ఉక్కు పంచ్ పట్టుకుని, కుడిచేత్తో దాని అంచు మీద ఆకురాయి లాగాడు. పట్టలేదు, గాజు మీద జారినట్టు జారిపోయింది. ఆకురాయికి లొంగలేదంటే ఉక్కు అంత గట్టిదన్నమాట, ఆయనకు అదే ఆనందం. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, నాచారంలోని ఆయన రేకుల షెడ్డుకు ఎవరొచ్చినా ముందు ఆకురాయి చేతికిచ్చి గీకి చూడమనేవాడు. టీ ఆ తర్వాతే.

చిక్కేమిటంటే, ఇప్పుడు చేతిలో ఉన్న పంచ్ మూల విరిగి తిరిగొచ్చింది. ఉప్పల్‌లో మడతబందులు చేసే రామచంద్రరావు దానితో ఇనుపరేకు కత్తిరిస్తుంటే, ప్రెస్సు నాలుగు దెబ్బలు వేసేసరికి ముక్క ఎగిరిపోయిందట. ఇంకొకటి చేసిమ్మని, అదీ విరిగితే బాలానగర్‌లో చేయించుకుంటానని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. ఆ మర్యాదే బసవరాజుకు గుచ్చుకుంది.

ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది. మళ్లీ సన్నగా వేడి చేసి, ఆ గట్టిదనంలో కొంత పోగొడితేనే దెబ్బ ఓర్చుకుంటుంది. ఇది బసవరాజుకు తెలియక కాదు. ఏదైనా వదులుకోవడమే ఆయనకు చేతకాదు. మెరుగుపెట్టిన ఉక్కు మీద పసుపు ఛాయ తేలగానే, ఎక్కడ మెత్తబడిపోతుందోనని పట్టకారుతో లాగేసేవాడు.

కొత్త పంచ్‌ను కాల్చి ముంచి, సన్నటి వేడికి ఇసుక పెనంలో పెట్టిన మధ్యాహ్నం, భార్య శాంతాబాయి సద్ది తెచ్చింది. పసుపు ఛాయ తేలింది. పట్టకారు లేచింది.

"ఉల్లిగడ్డ గూడ గిట్లనే పచ్చిగ దించుతడు," అంది ఆమె, పెనంతో చెబుతున్నట్టు. ఆమె చెల్లెలి కాన్పుకు వెళ్లినప్పుడు ఈయన వండుకున్న కూర సంగతి వాడంతటికీ తెలుసు.

పట్టకారు దిగింది. కాసేపటికి మళ్లీ లేచింది.

"జర ఆగరాదు. ఎర్రగ గానీ."

"ఇది కూర గాదే, ఉక్కు."

"మరి నా కూర ఎన్నడన్న వాపస్ వచ్చిందా?"

బసవరాజు పట్టకారు పక్కన పెట్టాడు. గోధుమరంగు ముదిరి, అంచున ఊదా ఛాయ తిరుగుతుండగా తీసి నూనెలో ముంచాడు. చల్లారాక ఆకురాయి లాగాడు. వెంట్రుకవాసి పట్టింది. ఆయన ముఖం చూస్తే ఎవరో దగ్గరివాళ్లు పోయారనుకోవాలి.

మర్నాడు ఉప్పల్ వెళ్లి, రామచంద్రరావు ప్రెస్సుకు తనే బిగించాడు. సాయంత్రం దాకా మడతబందు రేకులు గలగలా రాలుతూనే ఉన్నాయి. మూల విరగలేదు, అంచు మొద్దుబారలేదు. పంచ్ విప్పించి, రామచంద్రరావు అలవాటుకొద్దీ ఆకురాయి లాగాడు.

"ఇదేంటి బసవరాజుగారూ, పడుతోందే?"

"జర పట్టాలె సార్," అన్నాడు బసవరాజు, మొదటినుంచీ తను చెబుతున్నది అదేనన్నట్టు. పంచ్‌కు నూనె రాసి, గుడ్డలో చుట్టి ఆయన చేతిలో పెట్టాడు.