పాఠాల మీద సినిమాలు

నేను కంకిపాడులో ఒక కాలేజీలో బోటనీ చెబుతాను. పదేళ్ల పాఠాలు, పొలాల వెంట తిరిగి తీసిన మొక్కల ఫొటోలు ఒక్క ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోనే దాచుకున్నాను. ఈ రోజు ఇంటికొచ్చేసరికి మావారు దాన్ని టీవీకి తగిలించి సినిమా చూస్తున్నారు.

"టీవీ ఫార్మాట్ చేయమని అడిగింది, సరే అన్నా. ముప్పై సినిమాలు ఎక్కించా," అన్నారు.

"అందులో నా పాఠాలున్నాయండీ!"

"నీకు వచ్చినవేగా, మళ్లీ రాసుకో."

వెంటనే డిస్క్ పట్టుకుని పటమటలో కంప్యూటర్ రిపేరు షాపుకు పరుగెత్తాను. "ఫార్మాట్‌తో ఆపేసుంటే చెరిగిపోయిన ఫైళ్లు తిరిగి వచ్చేవి మేడమ్. పైన సినిమాలు ఎక్కించాక కష్టమండీ," అన్నాడతను.

అక్కడే రెండు కొత్త డిస్కులు కొన్నాను, ఒకటి ఇంటికి, ఒకటి కాలేజీ బీరువాకి. వాటిలో దాచడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు.

మీరు చేసేదీ పనేనని మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా? తెలిస్తే కింద రాయండి, చదివి సంతోషిస్తాను.