నాలుగు వేళ్ల కొలత

ఈ ఉదయం సందుగ మూత ఎత్తగానే ఎండిన వేపాకు, పాత నూలు, ఏనాటిదో కుంకుడురసం కలగలిసిన వాసన ముఖానికి తగిలింది. పిట్లంలో ఉంటున్న తమ్ముడు నిన్న ఫోనులో, "అక్కా, మళ్ల నిద్ర వడ్తలేదు. గా బొంత జర పంపరాదు?" అన్నాడు. యాభై దాటినవాడు. వాడికి నిద్ర కరవైన మొదటి కాలం నాకు కళ్లకు కట్టినట్టే ఉంది.

అమ్మ పోయిన ఏడాది అది. చెరకు బండ్లు బాన్సువాడ వీధుల్లో కిర్రుమంటూ సాగే చలికాలం. గాలి నిండా కాగుతున్న బెల్లపు తీపి, పొయ్యి మీద జొన్నరొట్టె కమురు. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి మూడు. కన్ను మూతపడగానే వాడు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాడు. దవాఖాన మందు పనిచేయలేదు. పుల్లలా ఎండిపోయాడు. అందుకని మా నాయన తల్లి, మేము అవ్వ అని పిలిచే ఆవిడ, అమ్మ గుర్తుగా మిగిలిన ఒకే ఒక్క నీలిచీరను చేర్చి వాడికి అలల బొంత కుట్టడానికి పూనుకొంది.

ఏడు రంగుల గుడ్డపట్టీలను అంచుకు అంచు కలిపి కుట్టి, చివరలు రెండూ జతచేసి గొట్టంలా చేసేది. దాన్ని అడ్డంగా గాజుల్లా కోసి, ఒక్కొక్క గాజును ఒక్కొక్క కుట్టు దగ్గర విప్పి పక్కపక్కన పరిస్తే, రంగులు మెట్టుమెట్టుగా ఎక్కి దిగి అలలవుతాయి. రహస్యమంతా కోతలోనే ఉంది. ప్రతి కుట్టు వద్దా నాలుగు వేళ్లు ఆనించి, సుద్దతో గీసి, ఊపిరి బిగబట్టి కత్తెర నడిపేది. ఒక బొంతకు ఒకే చేతి కొలత; వేరొకరి వేళ్లు పడితే అల విరుగుతుంది. అమ్మ తన చేత్తో కోసిన బొంత ఒకటి ఉండేది గాని, జబ్బునాడు ఆమె కింద పరిచినది పసివాడికి కప్పరాదని అవ్వ దాన్ని సందుగలో దాచింది.

పాలు పోసే పక్కింటి లచ్చవ్వ, "ఓ ముసల్దానా, గిట్ల వేళ్లు ఎంచుకుంట కూసుంటే బొంత అయ్యేసరికి పోరనికి మీసాలొస్తయ్!" అని ఎగతాళి చేసేది.

"నీ లెక్క అడ్డదిడ్డం కోస్తే పొద్దుగూకేలోపే అయితది. గది కప్పుకుంటే నిద్ర కాదు, నవ్వొస్తది," అనేది అవ్వ.

ఒకనాడు అవ్వ చుట్టాల పరామర్శకు బీర్కూరు బస్సెక్కింది. నాయన చెరకుతోటలో ఉన్నాడు. తమ్ముడి ఏడుపు వినలేక, పని త్వరగా ముగిస్తే వాడు నిద్రపోతాడన్న ఆశతో, నేను కత్తెర పట్టాను. నా నాలుగు వేళ్లతోనే కొలిచి నాలుగు గాజులు కోశాను. అవ్వ కోసిన వాటి పక్కన పెట్టి చూస్తే అవి బక్కచిక్కి ఉన్నాయి.  మళ్లీ కుట్టడానికి అమ్మ చీర మరొక ముక్క లేదు. గాజులూ కోయని గొట్టమూ కత్తెరా అన్నీ కుట్టుబుట్టలో కుక్కి, తలుపుకు బయట గొళ్లెం పెట్టి, తమ్ముడికి పాలు తేవడానికి లచ్చవ్వ ఇంటికి పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి గొళ్లెం పెట్టినది పెట్టినట్టే ఉంది, ఇల్లు నిశ్శబ్దం. తమ్ముడు బుట్ట మీద చెయ్యి వేసుకొని నిద్రపోతున్నాడు.

సాయంత్రం అవ్వ బుట్ట తెరిచింది. "ఎవలు కోసిండ్రే గివి?"

"నేనే అవ్వా. నాలుగే కోసిన."

"ఐదున్నయి గదనే."

ఐదవది నా వాటికన్న వెడల్పు, అవ్వ వాటికన్న సన్నం. నా వేళ్లు ఆనించి చూసింది, తక్కువయ్యాయి. తన వేళ్లు ఆనించింది, ఎక్కువయ్యాయి. "ఒట్టు, గది నేను కొయ్యలే," అని ఏడ్చాను. ఆవిడ కోప్పడలేదు. లేచి సందుగలోంచి అమ్మ కోసిన బొంత తీసి, ఆ ఐదవ గాజును దానిమీద పరిచింది. నూలుపోగంత తేడా లేదు.

పక్కగదిలో ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి, "మంచిగ కోసినవ్, బిడ్డా," అంది. నన్ను చూసి కాదు.

మర్నాడు తన గాజులన్నిటినీ ఆ వెడల్పుకే తగ్గించి, మిగిలిన గుడ్డనూ ఆ కొలతకే కోసింది. నేను కోసిన నాలుగూ తమ్ముడి తలగడకు గలేబయ్యాయి. ఆ బొంత కింద వాడు నిద్రపోయాడు, ఒళ్లు చేశాడు, బతికాడు.

ఇప్పుడు అవ్వ లేదు, లచ్చవ్వ లేదు, కోత ముందు ఊపిరి బిగబట్టే వాళ్లూ లేరు. బస్టాండు దుకాణాల్లో ప్లాస్టిక్ సంచుల్లో కంబళ్లు అమ్ముతారు. నా ఒడిలోని బొంతలో మాత్రం ఒక పట్టీ చివికి, కొత్తది వేయవలసి వచ్చింది. నా పాతచీరల ముక్కలు అదే వరుసలో కలిపి కుట్టాను. ఇన్నేళ్లుగా చేయడానికి భయపడ్డ పని అప్పుడు చేశాను: ఆ బొంతలోని పట్టీ మీద నా నాలుగు వేళ్లు ఆనించాను. అమ్మ బతికిన వయసుకు రెట్టింపు దాటిన ఈ ముడతల వేళ్లు, అటూ ఇటూ పోగు మిగలకుండా, సరిగ్గా సరిపోయాయి.

అయినా సుద్దగీత గీయలేదు. కలిపి కుట్టిన గుడ్డనూ కత్తెరనూ బుట్టలో ఉంచి, తలుపుకు బయట గొళ్లెం పెట్టాను. లచ్చవ్వ ఇల్లు ఉన్నచోట ఇప్పుడొక దుకాణం. అక్కడ పాలపొట్లం కొనుక్కొని, ఏమాత్రం తొందరపడకుండా ఇంటివైపు నడిచాను.